దండెం మీద గళ్ళ చొక్కా

మా అమ్మాయి ఇంటర్ చదివే కాలేజీలో తెలుగు చెప్పే మాస్టారొకరు మా కథను చిన్న సినిమాగా తీస్తామని వచ్చారు. హాల్లో ఆడే సినిమా కాదు. ఇరవై నిమిషాలది, రాజమండ్రిలో ఏదో పోటీకి పంపేది. తుపాను వచ్చిన మధ్యాహ్నం రొయ్యల చెరువు దగ్గరికి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. ఇంట్లో తల్లీ పెళ్ళామూ ఇంకా ఎదురుచూస్తున్నారు. అదీ కథ. అప్పటికి తుపాను వెళ్ళి ఎనిమిదేళ్ళు. మా అమ్మాయి ఎప్పుడో వ్యాసంలో రాసిందట. మాస్టారు అది చదివి, ఒక ఆదివారం మా అరుగు మీద కూర్చుని నన్ను అడిగారు.

నాకు అభ్యంతరం అనిపించలేదు. జనం నోళ్ళలో ఎలాగూ నలుగుతున్న కథే.

మాస్టారితో కెమెరా పట్టుకుని ఒకాయన వచ్చాడు. యానాంలో పెళ్ళి వీడియోలు తీసేవాడు. యానాం నుంచి సీసా లేకుండా ఉత్త చేతులతో వచ్చావా అని మా వీధి మగవాళ్ళు ఆయన్ని మొదటి రోజే ఆటపట్టించారు. సినిమాలో మా ఆయనగా నిలబడటానికి మాస్టారు ఇంకో కుర్రాణ్ణి చూసుకున్నారు. పెళ్ళామూ తల్లీ మాత్రం మేమే. తుపాను నాటి నేనుగా మా అమ్మాయి, ఇప్పటి నేనుగా నేను. మా అమ్మాయిది అచ్చు నా పోలిక. అప్పటి అత్తయ్యగారిగా వేయడానికి మాత్రం ఎవరూ దొరకలేదు. "మామ్మగారి చేతులే చూపిద్దామండి, మొహం వద్దు" అన్నారు మాస్టారు.

మాస్టారికి ఒకటే దిగులు.

"అమ్మగారూ, కథ అటూ ఇటూ తిరుగుతుందండి. కాసేపు తుపాను రోజు, కాసేపు ఇప్పుడు. ఏది ఎప్పటిదో చూసేవాళ్ళకి చూడగానే తెలియాలి. మాటల్లో చెప్పిస్తే బాగోదు."

"రింగులు తిప్పేద్దామండి" అన్నాడు కెమెరా ఆయన. "ఆవిడ అలా ఆలోచిస్తా ఉంటారు, నీళ్ళు కదిలినట్టు రింగులు రింగులు, అంతే, వెనక్కెళ్ళిపోతాం."

"ఇది పెళ్ళి క్యాసెట్టు కాదయ్యా."

"పోనీ తమలపాకులోంచి తీసుకెళ్ళనా? మొన్న అంబాజీపేట పెళ్ళిలో చేశాను, ఏడ్చారండి జనం."

"బిల్లు చూసి ఏడ్చుంటారు" అంది మా అమ్మాయి. మాస్టారు కూడా నవ్వారు.

తర్వాత ఆయన పాత సంగతంతా నలుపు తెలుపులో వేద్దామన్నారు. అప్పుడు నేను నోరు తెరిచాను.

"అలా చేస్తే చొక్కా రంగు కనపడదు కదండీ."

"ఏ చొక్కా అండి?"

చెప్పాను. ఆ చొక్కా సంగతి చెప్పకపోతే మా కథే లేదు.

నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉంది. ఆ పొద్దున గాలి మారింది. మా ఇల్లు తాటాకుల ఇల్లు. ఊళ్ళో గట్టి కట్టడం అంటే బడి ఒక్కటే. పిల్లనీ లేగదూడనీ తీసుకుని నేను ముందుగా బడికి వెళ్ళిపోయాను. మా ఆయన చెరువు గట్టు మీద నీళ్ళు తోడే ఇంజను తడవకుండా కప్పడానికి, నేను లేవకముందే వెళ్ళారు. మధ్యాహ్నం తడిసి ముద్దై ఇంటికొచ్చి, తల్లి ఇచ్చిన పొడి చొక్కా వేసుకుని మళ్ళీ వెళ్ళారట. వెళ్ళొద్దంటే, ఇంజను పోతే మళ్ళీ కొనలేమన్నారట. ఆయన రెండోసారి వెళ్ళడం చూసింది అత్తయ్యగారు ఒక్కరే. ఆ గాలికి నడవలేకపోతుంటే ఆవిణ్ణి పక్కింటివాళ్ళు మోసుకొచ్చి బడిలో దించారు. సాయంత్రానికి సముద్రం ఊళ్ళోకి వచ్చింది.

నీళ్ళు తీశాక మా ఇల్లు ఉన్నచోట బురద తప్ప ఏమీ లేదు. కొబ్బరిచెట్లకు తలలు లేవు. తర్వాత ఊరి బయట బీడు, ఇసుక పర్ర మీద శవాలను వరసగా వేశారు. నీళ్ళలో నానిన మొహాలు చూస్తే ఎవరు ఎవరో తెలియడం లేదు. బట్టలు చూసే గుర్తుపట్టాలి. ఒకాయన మా ఆయనంత పొడుగున్నాడు. గోధుమరంగు గళ్ళ చొక్కా. మా ఆయనకు అలాంటిది ఉంది. అయితే ఆ ఏడు సంతలోకి ఆ గుడ్డ తాను చవగ్గా వచ్చిందని ఊళ్ళో సగంమంది మగవాళ్ళు అవే చొక్కాలు కుట్టించుకున్నారు. పొలంలో చూసినా పెళ్ళిలో చూసినా అవే గళ్ళు.

"నువ్వు రాకు, నేను చూసొస్తాను" అని అత్తయ్యగారు ముందుకెళ్ళారు. వంగి, ఆ మనిషి చెయ్యి ఎత్తి చూశారు. తిరిగొచ్చి, "మనవాడు కాదు. నేను వాడికిచ్చింది ఆకుపచ్చ చొక్కా" అన్నారు.

ఆకుపచ్చ చొక్కా కూడా మా ఆయనకు ఉండేది. ఇల్లే పోయాక ఏది మిగిలిందో ఏది పోయిందో చూసుకునే వీల్లేదు. ఆకుపచ్చ చొక్కాతో ఏ శవమూ దొరకలేదు. ఎవరూ మావాళ్ళు అననివాళ్ళందర్నీ ఒకచోట పెట్టి కాల్చారు. కట్టెలు దొరకలేదు. పడిపోయిన కొబ్బరిమట్టలు ఊరంతా లాక్కొచ్చి వేశారు. నేనూ లాక్కొచ్చాను. పచ్చి మట్టలు అంటుకోక కిరసనాయిలు పోశారు.

శవం కంటపడనిదే ముత్తయిదువతనం తీయకూడదన్నారు అత్తయ్యగారు. పురోహితుడు కూడా, పన్నెండేళ్ళు ఆగి అప్పటికీ రాకపోతే దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయవచ్చన్నారు. అందుకని నా బొట్టు అలాగే ఉంది. గాజులూ మట్టెలూ అలాగే ఉన్నాయి.

మాస్టారు చేతిలో కాగితం మీద ఏదో కొట్టేసి రాసుకున్నారు. తర్వాత, "సరేనండి, నలుపు తెలుపు వద్దు. చొక్కా ఆకుపచ్చగానే కనపడాలి" అన్నారు. కెమెరా ఆయన పసుపు రంగు గాజు కాగితం ఒకటి సంచీలోంచి తీశాడు. పాత సంగతులు తీసేటప్పుడు అది అద్దానికి అడ్డం పెడితే ఎండ కాచినట్టుంటుంది, రంగులూ తెలుస్తాయి అన్నాడు. దాంతో ఆ ముక్క తేలింది.

ఆ ఎనిమిదేళ్ళూ ఎలా గడిచాయో ఇక్కడ కొంచెం చెప్పాలి. పేరంటానికి నన్ను పిలవాలో వద్దో ఎవరికీ తెలిసేది కాదు. పిలిచినవాళ్ళు పసుపు నా కాళ్ళకు రాయకుండా పళ్ళెంలో పెట్టి ఇచ్చేవారు. ప్రయాణమై వెళ్ళేవాళ్ళకు నేను ఎదురుపడితే ఆగిపోయేవారు. మంచి శకునమో చెడ్డ శకునమో తేల్చుకోలేక. మా వీధి చివరావిడ ఒకరోజు మొహం మీదే అనేసింది.

"నువ్వెదురొస్తే వెళ్ళాలో ఆగాలో తెలీదే తల్లీ. ఏదో ఒకటి తేల్చరాదూ."

"కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళండి పిన్నిగారూ. శకునం ఎలాంటిదైనా దాహం తీరుద్ది" అన్నాను.

నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి వంట చేసుకున్నాను.

అక్షరాలు నేర్చుకుంది కూడా ఆ తర్వాతే. ఇల్లు పోయాక చాలా రోజులు బడిలోనే పడుకున్నాం. నా చాప పక్క గోడ మీద అక్షరాలు పెద్దగా రాసి ఉండేవి. వాటి అడుగు వరస నీళ్ళకు చెరిగిపోయింది. పైవరస మా అమ్మాయి వేలితో చూపించి చెప్పేది. నిద్ర పట్టనప్పుడు వాటిని చూస్తూ ఉండేదాన్ని. ఆ తర్వాత సాయంత్రం బడి పెట్టినప్పుడు ముప్పయ్యేళ్ళు దాటిన దాన్ని పలక పట్టుకుని వెళ్ళాను. సినిమా నాటికి కూడబలుక్కుని చదవగలను. మాస్టారు రాసుకొచ్చిన కాగితాలు నాకే ఇచ్చారు. ప్రతి సీను మీదా గతం అనో ప్రస్తుతం అనో రాసి ఉంది. నెమ్మదిగా చదువుకుంటూ పోతే, ప్రస్తుతం అని ఉన్న మొదటి సీనులో ఒక వాక్యం కనపడింది. ఆమె నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు.

"ఇది నావల్ల కాదండి" అన్నాను.

"సినిమా వరకేనండి. సాయంత్రం మళ్ళీ పెట్టేసుకోవచ్చు. అప్పటికీ ఇప్పటికీ తేడా మీలో కనపడకపోతే ఇంకెక్కడ కనపడుద్దండి?"

గోడకు చేరగిలబడి ఉన్న అత్తయ్యగారు విన్నారు. ఆవిడకు అప్పటికే రెండు కళ్ళలోనూ శుక్లాలు. చూపు తగ్గింది గానీ చెవులు పాము చెవులు.

"ఎవడయ్యా నా కోడలి బొట్టు తీయమనేది? నువ్వు మాస్టారివైతే బళ్ళో. ఇక్కడ కాదు."

మాస్టారు లేచి నిలబడి, "తప్పేనండి మామ్మగారూ" అన్నారు.

మొదటి రోజు బోరింగు దగ్గర ఇప్పటి సీను తీశారు. నేను నీళ్ళు కొట్టుకుంటూ చెరువుల వైపు చూస్తూ ఉండాలి. ముసలిదానిలా కనపడాలని నా జుట్టుకు పౌడరు రాశారు. చెమటకు అది ముద్దలు కట్టింది. పిండి మర నుంచి వచ్చినట్టున్నావని మా అమ్మాయి అంటే కడిగేసుకున్నాను. చివరికి ఎలా ఉన్నదాన్ని అలాగే తీశారు. బొట్టుతో, గాజులతో. తీసింది చిన్న తెర మీద చూసుకుని మాస్టారు పెదవి విరిచారు.

"దూరం నుంచి అమ్మాయికీ మీకూ తేడా తెలీడం లేదండి. ఇది తుపానుకి ముందే అనుకుంటారు."

రెండో రోజు చొక్కా సీను. తాటాకుల ఇళ్ళు ఊళ్ళో మిగల్లేదు. ఒక రైతు పశువుల పాక ఖాళీ చేసి, పేడతో అలికి, మా పాత ఇంటిలా తయారుచేశాం. లోపల దండెం కట్టారు. వట్టి దండెం బాగోదు, నిండుగా ఉండాలని కెమెరా ఆయన ఆ ఇంటా ఈ ఇంటా అడిగి పాత బట్టలు తెచ్చి వేశాడు. ఆకుపచ్చ చొక్కా మాస్టారు అమలాపురంలో కొనుక్కొచ్చి మధ్యలో వేశారు. మా అమ్మాయి నా పాత రోజుల్లా ముడి వేసుకుని, నా చీర కట్టుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని, తర్వాతి సీను కోసం ఓ మూల నిలబడింది. పసుపు కాగితం పెట్టారు.

"మామ్మగారూ, మీ అబ్బాయి తడిసి వచ్చాడండి. పొడి చొక్కా ఇవ్వమన్నాడు. మీరు దండెం మీంచి తీసి ఇస్తారు. అంతే."

అత్తయ్యగారు లేచి దండెం దగ్గరికి వెళ్ళారు. కళ్ళు ఆనక, బట్టల్ని చేత్తో తడుముకుంటూ, ఒక్కొక్కటి ఎత్తి మొహం దగ్గర పెట్టుకుని చూసుకుంటూ వెళ్ళారు. ఆకుపచ్చ చొక్కా తీసి చూసి వదిలేశారు. చివర వేలాడుతున్నదాన్ని తీసి చెయ్యి చాపారు.

గోధుమరంగు గళ్ళ చొక్కా. ఆ తానులోదే. ఎవరింటి నుంచి వచ్చిందో, ఎనిమిదేళ్ళకు అది వెలిసిపోయి ఉంది.

"అది కాదండి మామ్మగారూ. ఆకుపచ్చది" అన్నారు మాస్టారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. చూపు ఆనక పొరపాటు పడ్డారనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

"ఆకుపచ్చది ఎలా ఇస్తానయ్యా? పొద్దున వేసుకెళ్ళి తడిపేసింది అదే కదా" అన్నారు ఆవిడ. "ముసురుకి ఏ గుడ్డా ఆరలేదు. ఆరింది ఈ గళ్ళదొక్కటే. వాడికిచ్చింది ఇదే."

చెయ్యి చాపే ఉంచారు. ఎవరూ అందుకోలేదు. తనేమన్నారో ఆవిడకు అప్పుడు తెలిసినట్టుంది. చొక్కా గుండెలకు అదుముకుని అక్కడే అలికిన నేల మీద కూలబడ్డారు.

"ఆపేశానండి" అన్నాడు కెమెరా ఆయన, ఎవరూ అడగకుండానే. మాస్టారు ఆయన్నీ, మా ఆయనగా వేసే కుర్రాణ్ణీ తీసుకుని బయటికి వెళ్ళారు. మేం ముగ్గురం మిగిలాం.

"ఆయనేనా అత్తయ్యా?"

"వాడే."

"ఆ రోజు చూపు ఆనక కాదన్నారేమో."

"అప్పుడు నా కళ్ళు బానే ఉన్నాయి. ఎడంచేతి బొటనవేలు మీద కొడవలి మచ్చ. పట్టుకుని చూశాను."

"మరి కాదన్నారేంటి?"

ఆవిడ కుడి మణికట్టు నా వైపు తిప్పారు. అక్కడ తెల్లటి గీత ఒకటి ఉంది. ఎన్నిసార్లో చూశాను, ఎప్పుడూ అడగలేదు.

"మీ మామయ్య పోయినప్పుడు మా అత్త నా గాజులు రాయి పెట్టి కొట్టింది. గాజు ముక్క దిగిపోయింది. ఆవిడా ఏడుస్తానే కొట్టింది. మనింట్లో ఆ పని అత్త చేతి మీద జరగాలి. వాడే అంటే పదో రోజున నిన్ను పీట మీద కూర్చోబెట్టి నేను కొట్టాలి. నా కొడుకుని అలా చూసి, వచ్చి నీ చేతులు పట్టుకోవాలి. నావల్ల కాలేదమ్మాయ్. కాదనేశాను."

చొక్కా ఒళ్ళో మడత పెట్టుకుంటూ, "అన్నాక నాకూ కాదేమో అనిపించేది. రోజూ అనుకుంటే అదే నిజంలా ఉంటది" అన్నారు.

నాకు ఏడుపు రాలేదు. ఆ మంట గుర్తొచ్చింది. నేను లాక్కెళ్ళిన కొబ్బరిమట్టలు గుర్తొచ్చాయి. ఎవరి కొడుకో అనుకుంటూ, పాపం అనుకుంటూ, ఒకదాని తర్వాత ఒకటి ఈడ్చుకెళ్ళి పడేశాను. పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. నోట్లో గుప్పెడు బియ్యం వేసినవాళ్ళు లేరు. పెళ్ళాం పక్కనే బొట్టు పెట్టుకుని నిలబడి, పొగ కళ్ళల్లోకి వస్తోందని చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజే మరో గంట ఆగి, కొడుకు చెయ్యి ఇదిగోనని ఈవిడ నాకు చూపించి ఉంటే.

ఈవిణ్ణి తిట్టాలనిపించింది. మాటలు కూడా వచ్చాయి. కానీ మూల నుంచి ఏడుపు వినపడి అటు చూశాను. మా అమ్మాయి గోడకు ఆనుకుని, నా చీరలో, నా బొట్టుతో, చేతుల నిండా గాజులతో ఏడుస్తోంది. ఎనిమిదేళ్ళ కిందట ఆ ఇసుక మీద నేను ఏడవాల్సిన ఏడుపది. దాని దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. అత్తయ్యగారి వైపు వెళ్ళలేదు. ఆ పూట ఆవిడకు అన్నం కూడా మా అమ్మాయే పెట్టింది.

మర్నాడు తెల్లారాక బోరింగు దగ్గర కూర్చుని చేతులకు సబ్బు రాసుకున్నాను. గాజులు పగలగొట్టలేదు. ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో పెట్టాను. మట్టెలు ఊడి రాలేదు, వేళ్ళు లావెక్కాయి. మా అమ్మాయి కొబ్బరినూనె తెచ్చి, ఏమీ అడగకుండా, కింద కూర్చుని తీసింది. మొహం కడుక్కున్నాను. ఆచారానికి చేశానని ఊళ్ళో అనుకున్నారు. ఆయన పోయాడని ఒక్క మనిషైనా ఒప్పుకోవాలనిపించింది నాకు. తర్వాత పురోహితుణ్ణి పిలిచి చేయించాల్సింది చేయించాం.

ఇంట్లోకి వచ్చి పొయ్యి ముట్టిస్తుంటే అత్తయ్యగారు అరుగు మీంచి, "గాజులేవే?" అన్నారు. నన్ను చూసి కాదు. చప్పుడు వినపడక.

"తీసేశాను."

"ఎవరు తీశారు?"

"నేనే. సబ్బు రాసి. మీరేం చేయక్కర్లేదు."

ఆవిడ తల వంచుకుని కూర్చున్నారు. "గుచ్చుకోలేదుగా" అన్నారు. లేదన్నాను. ఆ రోజుకు మా మధ్య ఆ నాలుగు మాటలే.

మాస్టారు వచ్చి నన్ను చూసి చెప్పులు కూడా విడవకుండా నిలబడిపోయారు. "వద్దండి, ఆపేద్దాం" అన్నారు.

"తీయండి. కథ మార్చి రాసుకోండి, అంతే. చొక్కా గళ్ళది."

ఆ పూట ఇప్పటి సీన్లన్నీ తీశారు. గుమ్మంలో, పొయ్యి దగ్గర, చెరువు గట్టు మీద. నిలబడమన్నచోట నిలబడ్డాను. పౌడరు అక్కర్లేకపోయింది. పసుపు కాగితం కూడా ఇక వద్దని కెమెరా ఆయన మడిచి సంచీలో పెట్టేశాడు. తర్వాత మాస్టారి చెవి దగ్గరికి వెళ్ళి మెల్లిగా ఏదో అడిగాడు. నాకూ వినపడింది. బోరింగు దగ్గర తీసిన సీనులో బొట్టుంది, అదేం చేద్దామని.

మాస్టారు నా వైపు చూడకుండా చెప్పారు. "దాన్ని గతంలో వేద్దాం."

కొన్నాళ్ళకు సినిమా తెచ్చి బడి వరండాలో టీవీ పెట్టి చూపించారు. ఊళ్ళోవాళ్ళు చాలామంది వచ్చారు. అత్తయ్యగార్ని నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు కూర్చోబెట్టాను. ఆవిడకు వెలుగు కదలడం తప్ప ఏమీ తెలియదు. దండెం సీనులో తన గొంతు తనకే వినపడితే, ఆవిడ నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ తర్వాత తెర మీద బోరింగు కిర్రుమంది, గాజులు గలగలమన్నాయి. ఆవిడ తల ఎత్తారు.

"ఎవరే అది? అమ్మాయా, నువ్వా?"

"నేనే."

"ఇప్పటిదా, అప్పటిదా?"

"అప్పటిదే అత్తయ్యా" అన్నాను.